కాశీ విశ్వనాథ్ ధామ్, దాని పక్కన మిగిలిన గల్లీలు: అమ్మతో వెళ్లి వచ్చాక నా రివ్యూ

మా అమ్మకి 76 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పది మెట్లు ఎక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి. కాశీ వెళ్లాలని చాలా ఏళ్లుగా అడుగుతోంది. గంగా పుష్కరాలకి, 2023లో, మా వీధిలో సగం మంది వెళ్లొచ్చారు. అప్పుడు కూడా నేను ఏదో ఒకటి చెప్పి తప్పించాను. నాకు తెలిసిన కాశీలోకి ఆ మోకాళ్లతో అమ్మని తీసుకెళ్లడం నా వల్ల కాదనుకున్నాను. పోయిన నవంబరులో, 2025 కార్తీక పౌర్ణమి రద్దీ తగ్గాక, చివరికి వెళ్లాం. పెద్దవాళ్లని తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం, అలాగే పాత కాశీని ఒకసారి చూసి మళ్లీ వెళ్లాలనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాకు తెలిసిన కాశీ 1998 నాటిది. అప్పుడు నాకు 19 ఏళ్లు. తాతగారి అస్థికలు కలపడానికి మామ్మతో, నాన్నతో వెళ్లాను. తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలని మామ్మ పట్టు. సత్రంలో గది దొరకలేదు. మా కర్మ చేయించిన పంతులుగారు సరస్వతీ ఫాటక్ దగ్గర సందులో ఒక ఇల్లు చూపించారు. ఆ ఇంటి పైగదిలో ఉన్నాం. సందు ఎంత ఇరుకంటే, చేతులు చాపితే రెండువైపులా గోడలు తగిలేవి. ఎద్దు ఎదురొస్తే ఎవరిదో ఒకరి గడప ఎక్కి నిలబడాలి. ప్రతి మలుపులోనూ గోడకి ఒక గూడు, గూట్లో చిన్న లింగం, దాని మీద వాడిన బంతిపువ్వు. ఇంటావిడ తెల్లవారుజామున లేచి గడప పక్కనున్న లింగానికి చెంబుడు నీళ్లు పోసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది. ఆవిడకి తెలుగు రాదు, మామ్మకి హిందీ రాదు. తొమ్మిది రోజుల్లో ఇద్దరూ కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేంత దగ్గరయ్యారు.

దర్శనానికి ఆ ఇంటి నుంచి నడిచే వెళ్లేవాళ్లం. ఇత్తడి చెంబులు, గాజులు, రుద్రాక్షలు, పేడాలు అమ్మే కొట్లు, పోలీసుల తనిఖీ, మళ్లీ ఒక మలుపు. గుడి ఎక్కడుందో చివరిదాకా కనిపించేది కాదు. ఉన్నట్టుండి తలెత్తితే ఇళ్ల మధ్యలో నుంచి, రంజిత్ సింగ్ ఇచ్చిన బంగారంతో చేసిన శిఖరం. మొదటిరోజు మామ్మ అక్కడే, నడిసందులో నిలబడిపోయింది. వెనకవాళ్లు తోస్తున్నా కదలలేదు.

ఆ రోజుల్లో ఇబ్బందులు లేవని నేను చెప్పను. సందులో మురుగు పొంగేది. తడిసిన రాతి పలకల మీద మామ్మ ఒకసారి జారిపడింది. సోమవారం తోపిడిలో ఒకామె సొమ్మసిల్లితే ఆవిడని మోసుకొచ్చి పడుకోబెట్టడానికి చోటు లేదు. అహల్యాబాయి హోల్కర్ 18వ శతాబ్దంలో కట్టించిన గుడి అది. చుట్టూ ఇళ్లు పెరిగి పెరిగి, గుడి ఆవరణ మొత్తం సుమారు 3,000 చదరపు అడుగులకి వచ్చేసింది. రోజూ వేలమంది అందులోకే రావాలి.

గుడి చుట్టూ ఇప్పుడున్న పెద్ద ఆవరణకి, అంటే ధామ్‌కి, 2019 మార్చి 8న శంకుస్థాపన చేశారు, 2021 డిసెంబరు 13న ప్రారంభించారు. 300కి పైగా ఇళ్లు, కొట్లు, మఠాల స్థలాలు కొని తీసేసి ఆవరణని దాదాపు 5 లక్షల చదరపు అడుగులకి పెంచారు. ప్రారంభం నాటికి ఖర్చు సుమారు 339 కోట్ల రూపాయలు. డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ బిమల్ పటేల్. చునార్ రాయి, గులాబీ రంగు కలిసిన ఇసుకరాయి, ఎక్కడ చూసినా అదే. లలితా ఘాట్‌లో స్నానం చేసి తిన్నగా గుడికి నడిచి రావచ్చు. గంగకీ గుడికీ మధ్య ఇప్పుడు అడ్డేమీ లేదు.

మేం సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి మొఘల్‌సరాయ్‌లో దిగాం. స్టేషన్ పేరు మారి చాలా ఏళ్లయినా ఆటోవాళ్లు ఇంకా మొఘల్‌సరాయ్ అనే అంటున్నారు. మానససరోవర్ ఘాట్ వైపు ఒక తెలుగు సత్రంలో దిగాం. కేదార్ ఘాట్ దాకా అక్కడ తెలుగు బోర్డులు, తెలుగు పంతుళ్లు, ఇడ్లీ బళ్లు. పక్కనే విజయనగరం రాజుల పేరు మీదున్న ఘాట్. అమ్మకి రాజమండ్రిలో ఉన్నట్టే అనిపించింది. ఆ చుట్టుపక్కల సందులు పెద్దగా మారలేదు.

మర్నాడు పొద్దున్నే గుడికి బయల్దేరాం. నది వైపున్న గంగా ద్వారం దగ్గర మెట్లు ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లు అటునుంచి పెట్టుకోవద్దు. మైదాగిన్ వైపు నుంచి బ్యాటరీ బండిలో చౌక్ రోడ్డు మీదకొచ్చి, నాలుగో నంబరు గేటు దగ్గర దిగాం. ఫోను, స్మార్ట్ వాచీ, పెన్ను కూడా లోపలికి రానివ్వరు. ఇక్కడే మాకు ఒక చేదు అనుభవం. లాకరు ఊరికే ఇస్తామని ఒకతను కొట్లోకి పిలిచి, వద్దన్నా పూలబుట్ట చేతిలో పెట్టి, తిరిగొచ్చాక దానికి 700 రూపాయలు అడిగాడు. ఫోన్లు అతని దగ్గర ఉన్నాయి కాబట్టి ఇచ్చేశాం. అందుకే చెబుతున్నాను, ఫోన్లు గదిలోనే వదిలేసి వెళ్లండి. పూలు కావాలంటే ముందే ధర అడిగి, చిల్లర ఇచ్చి కొనండి. దర్శనం త్వరగా చేయిస్తామని దారిలో పలకరించేవాళ్లతో మాట కలపొద్దు.

గేటు దగ్గర చక్రాల కుర్చీ దొరికింది. అక్కడి నుంచి గర్భగుడి గుమ్మం దాకా అమ్మ కుర్చీలోనే వచ్చింది. ఒక్క మెట్టు దగ్గర మాత్రం కుర్చీ తోసే అబ్బాయి, నేను చెరోవైపు పట్టుకున్నాం. వరసలో నిలబడింది 40 నిమిషాలు. గుమ్మం ముందు అర నిమిషం. మామ్మ 1998లో లింగాన్ని చేత్తో తాకింది. అమ్మకి ఆ అవకాశం రాలేదు, మేం వెళ్లిన వేళలో స్పర్శ దర్శనం లేదు. బయటి నుంచే పాలు పోసింది. అయినా వెండి తొట్టిలో ఉన్న స్వామి కళ్లకి ఎదురుగా, స్పష్టంగా కనిపించాడని పదేపదే చెప్పింది.

దర్శనం అయ్యాక మేం గంటన్నర ఆ ఆవరణలోనే ఉన్నాం. 1998లో ఇది ఊహించలేం. అప్పుడు దర్శనం అవగానే బయటికి తోసేసేవారు. ఇప్పుడు ఎండలో వెచ్చగా ఉన్న రాయి మీద కుటుంబాలు కూర్చున్నాయి. ఒక ముసలాయన కండువా పరుచుకుని పడుకున్నాడు. తాగడానికి నీళ్లున్నాయి, బాత్‌రూములు శుభ్రంగా ఉన్నాయి. కెనడా నుంచి 2021లో తిరిగొచ్చిన అన్నపూర్ణమ్మ విగ్రహం చూశాం. వందేళ్ల కిందట ఇక్కడి నుంచి ఎత్తుకుపోయిన విగ్రహం అది. అహల్యాబాయి విగ్రహం దగ్గర అమ్మ కుర్చీలోంచే దణ్ణం పెట్టింది. తర్వాత గంగా ద్వారం పైదాకా తోసుకుంటూ వెళ్లాం. అక్కడి నుంచి కిందకి చూస్తే మొత్తం గంగ. పడవలు, అవతలి ఇసుక, కుడివైపు లలితా ఘాట్ మెట్లు, ఎడమవైపు మణికర్ణిక పొగ.

"నా కాళ్లతో ఇక్కడిదాకా వస్తాననుకోలేదే" అంది అమ్మ. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈ ధామ్ కట్టకపోతే అమ్మ కాశీ చూసేది కాదు. కింద ఏం రాసినా ఆ మాట పోదు.

అమ్మ అక్కడ కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకుంటుంటే నేను మా పాత సందు కోసం వెతికాను. సరస్వతీ ఫాటక్ పేరుతో గేటు ఉంది. దాని లోపల ఏది ఎక్కడుండేదో నాకు అంతుపట్టలేదు. ఫాటక్ అంటే ద్వారం. పూర్వం రాత్రిళ్లు మొహల్లాల, అంటే పేటల, ద్వారాలు మూసేసేవారట. ఇప్పుడు ద్వారం పేరు మిగిలింది, అది కాపాడిన మొహల్లా లేదు. కాపలా ఉన్న పెద్దాయన్ని నా వచ్చీరాని హిందీలో అడిగాను. "లాహోరీ టోలా అటు, నీలకంఠ్ ఇటు, లైబ్రరీ అదిగో అక్కడ" అంటూ ఖాళీ నేల మీద వేలు పెట్టి చూపించాడు. లైబ్రరీ అంటే కార్మైకేల్ లైబ్రరీ, 1872 నాటిది. మా నాన్న ఆ తొమ్మిది రోజులూ పొద్దున్న అక్కడికెళ్లి పేపరు చదివొచ్చేవాడు. ఆయన చూపించిన చోట అంతా ఒకే రంగు రాయి, శుభ్రంగా తుడిచి ఉంది. మేం పడుకున్న గది ఎంత ఎత్తులో ఉండేదో అంచనా వేయడానికి కూడా ఒక గోడ లేదు.

ఇళ్లు తీసేస్తున్నప్పుడు వాటి లోపల 40కి పైగా పాత గుళ్లు బయటపడ్డాయని ప్రభుత్వం చెప్పింది. వాటిని బాగుచేసి అలాగే ఉంచారు. చెక్కడాలు చాలా బాగున్నాయి, వెళ్తే తప్పకుండా చూడండి. కానీ బయటపడ్డాయి అన్న మాట దగ్గర నా మనసు ఒప్పుకోలేదు. ఆ ఇళ్లవాళ్లకి అవి ఎప్పుడూ కనపడుతూనే ఉన్నాయి. మా ఇంటావిడ రోజూ నీళ్లు పోసింది. గుడిని ఇల్లు మింగేసిందని ఒకరనొచ్చు, ఇల్లు గుడిని కాపాడిందని ఇంకొకరనొచ్చు. నేను చూసింది రెండోదే. ఇప్పుడా చిన్న గుళ్లు పెద్ద ఆవరణలో విడివిడిగా నిలబడి ఉన్నాయి. ఒకదాని గడప మీద కాసేపు కూర్చున్నాను. ఆ అరగంటలో ఎవరూ నీళ్లు పోయలేదు.

మా మామ్మకి ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉండేది. తిరుమలలో గుడి ముందున్న విజయనగర కాలం నాటి వేయికాళ్ల మండపాన్ని 2003లో విప్పేసినప్పుడు, వెళ్లొచ్చిన ప్రతివాళ్లనీ "ఆ స్తంభాలు ఎక్కడ పెట్టార్రా" అని అడిగేది. స్థలం కావాలని ఆవిడకీ తెలుసు. జనం నలిగిపోతుంటే చూడలేకపోయేది. అయినా అడగడం మానలేదు. నేనూ ఆ మామ్మ మనవరాలినే.

మూడోరోజు పొద్దున్న అమ్మని సత్రంలో పడుకోబెట్టి గల్లీల నడకకి వెళ్లాను. ఇది ఒక కుర్రాడు సొంతంగా చేస్తాడు, మనిషికి 600 రూపాయలు, మూడు గంటలు, నలుగురికి మించి తీసుకెళ్లడు. సత్రంవాళ్లు చెప్పారు. అతని కుటుంబం ధామ్ కట్టిన చోటే మూడు తరాలుగా ఉండేది. డబ్బు తీసుకుని ఊరి చివరికి వెళ్లిపోయారు.

మణికర్ణిక వెనక మొదలుపెట్టాడు. సింధియా ఘాట్ పక్కన ఒరిగిపోయిన రత్నేశ్వర మహాదేవ్ గుడి, అక్కడి నుంచి పంచగంగా ఘాట్. అక్కడ త్రైలింగస్వామి మఠం చూపించి, "ఈయన మీ తెలుగాయనే" అన్నాడు. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి, 1887లో సమాధి అయ్యేదాకా కాశీలోనే ఉన్న అవధూత ఆయన. ఘాట్ నుంచి పైకెక్కి చౌఖంబా సందుల్లో పడ్డాం. దీన్ని అక్కడివాళ్లు పక్కా మహాల్ అంటారు, రాతి ఇళ్ల పాత బస్తీ.

ఆ సందుల్లో అడుగుపెట్టగానే ఒంటికి తెలిసింది. బయట ఎండ ఎక్కుతున్నా లోపల చల్లగా ఉంది. ఇళ్లు మూడు నాలుగు అంతస్తులు, సందు నాలుగైదు అడుగులు, అందుకే ఎండ నేలదాకా దిగదు. నది వైపు తెరుచుకున్న సందుల్లోంచి గాలి వస్తుంది. మే నెలలో ధామ్ ఆవరణలో కాళ్లు కాలతాయని, ఇక్కడ చెప్పుల్లేకుండా నడవొచ్చని ఆ కుర్రాడు అన్నాడు. ఒక తలుపు తోసి లోపలికి తీసుకెళ్లాడు. నడవా, మధ్యలో ఆకాశం కనపడే వాకిలి, వాకిట్లో తులసి, ఓ మూల లింగం. తలుపు దగ్గర నుంచి నేను కదల్లేకపోయాను. మా పాత ఇల్లు ఇలాగే ఉండేది. ఆ ఇంటి పెద్దామె ఏమీ అడక్కుండానే మట్టి కప్పులో టీ ఇచ్చింది.

అతన్ని అడిగాను, ఇల్లు పోయినందుకు బాధ లేదా అని. కాసేపు ఆలోచించి చెప్పాడు. వాళ్ల నానమ్మకి గుండెనొప్పి వచ్చిన రాత్రి అంబులెన్స్ రోడ్డు మీదే ఆగిపోయింది. మంచం మీద మోసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడున్న ఇంటికి కారు వస్తుంది. వాళ్లమ్మకి విడిగా వంటగది ఉంది, కిటికీలోంచి ఎండ పడుతుంది, ఆవిడ సంతోషంగా ఉంది. వాళ్ల నాన్న మాత్రం రోజూ పొద్దున్న ఆరింటికి స్కూటర్ మీద వచ్చి, చౌక్ దగ్గర టీ కొట్టులో పాత మొహల్లావాళ్లతో కూర్చుని, పదింటికి వెళ్తాడు. ఆ నలుగురూ ఇప్పుడు ఊరికి నాలుగు దిక్కుల్లో ఉంటున్నారు. ఒకరినొకరు చూసుకోవాలంటే ఆ కొట్టు తప్ప వేరే చోటు లేదు.

నడక చివర ఠఠేరీ బజార్ మీదుగా కచౌడీ గల్లీకి తెచ్చాడు. విస్తరాకు దొప్పలో మినప్పప్పు కూరిన కచౌడీ, బంగాళదుంప కూర, తర్వాత వేడి జిలేబీ, అన్నీ కలిపి 60 రూపాయలు. కూరలో ఇంగువ ఘాటు నాకు నచ్చింది, మన పూరీ కూర అలవాటున్నవాళ్లకి కొంచెం ఎక్కువ అనిపించొచ్చు. బనారస్ హిందూ యూనివర్సిటీ దగ్గర లంక అనే పేటలో తరతరాలుగా నడిచిన చాచీ కచౌడీ, పహిల్వాన్ లస్సీ కొట్లని రోడ్డు వెడల్పు కోసం 2025 జూన్‌లో కూల్చేశారు. ఇంటర్నెట్‌లో పాత రివ్యూలు చూసి ఆ పాత చోటికి వెళ్లకండి. మేం ఉన్నప్పుడే దాల్‌మండీలో కూడా రోడ్డు పని మొదలైంది. ఇళ్ల గోడల మీద గుర్తులు వేసి ఉన్నాయి. షెహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ ఇల్లు ఆ దగ్గర్లోనే. కంటోన్మెంట్ స్టేషన్ నుంచి గొదౌలియా దాకా రోప్‌వే కోసం వేసిన స్తంభాలు ఊరి మీద ఎక్కడినుంచైనా కనిపిస్తాయి. అది మొదలైతే అమ్మలాంటివాళ్లకి స్టేషన్ నుంచి గుడి దగ్గరకి రావడం ఇంకా తేలికవుతుంది. నేను దాన్ని వద్దనను.

నేను అడిగేదల్లా ఒకటే. దారి కావాలి, చక్రాల కుర్చీ వెళ్లాలి, అంబులెన్స్ రావాలి. దానికి ఎన్ని ఇళ్లు తీయాలో అన్నే తీయాలి. 300 ఆస్తులూ తీస్తే తప్ప అమ్మ కుర్చీ లోపలికి రాదా అన్నది ఆ ఆవరణలో కూర్చున్నంతసేపూ నన్ను వదల్లేదు. తీసిన చోట కనీసం ఒక సందునైనా, నాలుగు ఇళ్లతో, గూళ్లతో, మనుషులతో సహా ఉంచి ఉంటే, గుడికి రెండు దారులు ఉండేవి. కాళ్లు లేనివాళ్లకి ఒకటి, మా మామ్మలా నడిచి నడిచి ఉన్నట్టుండి శిఖరం చూడాలనుకునేవాళ్లకి ఒకటి.

ఇక వెళ్లేవాళ్లకి. పెద్దవాళ్లతో అయితే సోమవారం, పండుగ రోజులు తప్పించి పొద్దున్నే వెళ్లండి. దర్శనం కాగానే వచ్చేయకండి, ఆవరణలో గంటైనా కూర్చోండి. గంగా ద్వారం పైనుంచి గంగని చూడండి. విశాలాక్షి గుడి దగ్గరే గానీ దారి ఇరుకు, చక్రాల కుర్చీ వెళ్లదు. అమ్మని ఇద్దరం పట్టుకుని మెల్లగా తీసుకెళ్లాం, పావుగంట పట్టింది. గల్లీల నడకకి ఒక పొద్దున్న తప్పనిసరిగా పెట్టుకోండి. పంచగంగా నుంచి చౌఖంబా వైపు వెళ్తే మంచిది. వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

ధామ్‌లో వసతులకి ఐదుకి ఐదు. గల్లీల నడకకీ ఐదే. మొత్తం ధామ్‌కి ఎంత ఇవ్వాలని అమ్మని అడిగితే "ఐదు ఇవ్వు, ఇంకా ఉంటే ఇంకా ఇవ్వు" అంది. నేను మూడున్నర ఇస్తున్నాను. ఆఖరి రోజు కాశీ దారాలు, మామ్మ అప్పట్లో తెచ్చిన సైజులోనే ఒక గంగ చెంబు కొన్నాం. కొట్టు ఠఠేరీ బజార్‌లోది. ఆ కొట్టాయన 1998లో సరస్వతీ ఫాటక్ సందులో అమ్మేవాడట.